అంచు ఎంత మెత్తగా ఉండాలో ఫొటోనే చెబుతుంది

పెళ్ళి ఆల్బమ్ ఎవరింట్లో చేతికిచ్చినా నా చూపు ముందు మొహాల మీద ఆగదు. జడ చివరికి, చెవి వెనక్కి, భుజం చుట్టూ పోతుంది. పెళ్ళికూతురిని ఒక ఫొటోలోంచి తీసి, రాజమహలో పూలతోటో ఉన్న ఇంకో ఫొటో మీద పెట్టిన పేజీలు ప్రతి ఆల్బమ్‌లోనూ కొన్ని ఉంటాయి. వాటిలో చాలావాటిలో మనిషి చుట్టూ పల్చటి పొగ వలయం ఒకటి కనిపిస్తుంది. నుదుటి దగ్గర ఎగిరే చిన్న వెంట్రుకలు మాయమై తల నున్నగా ఉంటుంది. బుట్టకమ్మల అడుగు సగం కరిగిపోయి ఉంటుంది. ఇవి చేసిన డిజైనర్లకు పని రాదని నేను అనను. వాళ్ళలో చాలామంది నాకంటే వేగంగా, నాకంటే అందంగా పేజీ కూర్చగలరు. కానీ అంచు దగ్గరికి వచ్చేసరికి అందరి చెయ్యీ ఒకే అలవాటుకు పోతుంది: కట్ చెయ్యి, ఫెదర్ పెట్టు (చుట్టూ అంచుని ఒకే అంకెతో మెత్తబరిచే సదుపాయం అది), లాగి పడెయ్యి.

ఈ అలవాటు మీదే నా గొడవంతా. ఒక ఫొటో మీద ఇంకో ఫొటో పెట్టినప్పుడు అంచు ఎంత మెత్తగా కలవాలన్న సంగతి ఆ ఫొటో తీసిన క్షణంలోనే తేలిపోయి ఉంటుంది. లెన్స్ ఎక్కడ ఫోకస్ అయింది, చెయ్యి కదిలిందా, వెనక వెలుతురు ఎంత, అక్కడున్నది చర్మమా జుట్టా జరీనా అన్నదాన్ని బట్టి అంచులో ప్రతి చోటుకీ దాని మెత్తదనం దానికి ఉంటుంది. దాన్ని చూసి, ఆ చోట అలాగే కలపాలి. చుట్టూ ఒకే అంకె పెట్టి మెత్తబరిస్తే అతుకు ఎక్కడికీ పోదు. గీతలా కనపడేది మరకలా కనపడుతుంది, అంతే.

అసలు ఫొటోలో అంచు ఎలా ఉంటుందో చూద్దాం. మంచి ఫొటో ఒకటి తెరిచి, చెంప, వెనక గోడ కలిసే చోటుని బాగా పెద్దది చేయండి. ఇక్కడిదాకా చర్మం, ఇక్కడినుంచి గోడ అని గీసినట్టు ఎక్కడా ఉండదు. మధ్యలో ఒకటో రెండో, ఒక్కోసారి పదో పన్నెండో పిక్సెల్స్‌లో, అంటే ఫొటోని కట్టిన చిన్న చిన్న రంగు చుక్కల్లో, రెండు రంగులూ కలిసి ఉంటాయి. ఒక పిక్సెల్ పట్టినంత మేర సగం చెంప, సగం గోడ పడితే, ఆ రెండింటి వెలుతురూ ఆ ఒక్క పిక్సెల్‌లో కలుస్తుంది. అంచు అంటే ఆ కలిసిన చోటు. ఎవరి వాటా ఎంత అన్నదే అసలు ప్రశ్న.

ఆ వాటాని రంగులతో పాటు విడిగా రాసి పెట్టుకోవాలన్న ఆలోచన 1970ల చివర్లో న్యూయార్క్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో పనిచేస్తున్న ఆల్వీ రే స్మిత్‌, ఎడ్ క్యాట్‌మల్‌లది. దానికి ఆల్ఫా అని పేరు పెట్టారు. 1984లో లూకస్‌ఫిల్మ్‌ నుంచి థామస్ పోర్టర్‌, టామ్ డఫ్ ఒక బొమ్మని ఇంకోదాని మీద ఎలా కలపాలో, ఎన్ని రకాలుగా కలపొచ్చో పూర్తి లెక్క రాశారు. ఆస్కార్లు ఇచ్చే అకాడమీ 1996లో ఈ నలుగురికీ సాంకేతిక పురస్కారం ఇచ్చింది. ఒక్కో పొర (లేయర్) ఎక్కడ ఎంత కనపడాలో చెప్పేదాన్ని లేయర్ మాస్క్ అంటాం. మనం రోజూ వాడే ఆ మాస్క్‌లో తెలుపు అంటే పూర్తిగా మనిషి, నలుపు అంటే పూర్తిగా వెనకది, మధ్యలో బూడిద రంగు అంటే వాటా. 0 నుంచి 255 దాకా. ఫొటోషాప్‌లోకి 1994లో 3.0 వెర్షన్‌తో లేయర్లు వచ్చాక ఈ లెక్క ప్రతి స్టూడియో టేబుల్ మీదికీ చేరింది.

కంప్యూటర్ తనే గీసిన బొమ్మ అయితే ఆ వాటా దానికి కచ్చితంగా తెలుసు. కెమెరా తీసిన ఫొటోకి తెలియదు. ఫొటోలో ఒక్కో పిక్సెల్‌కీ మన దగ్గర ఉన్నవి మూడే అంకెలు: ఎరుపు, ఆకుపచ్చ, నీలం. మనకు కావాల్సినవి ఏడు: మనిషి రంగుకి మూడు, గోడ రంగుకి మూడు, ఆపైన వాటా. మూడు అంకెలతో ఏడు కనుక్కోవడం లెక్కగా కుదిరే పని కాదు. ఎవరో ఒకరు, సాఫ్ట్‌వేర్ కానీ మనిషి కానీ, చుట్టుపక్కల చూసి ఊహించాల్సిందే. ఫెదర్ కూడా ఒక ఊహే. గీసిన గీతకు దగ్గరైతే ఇంత వాటా, దూరమైతే ఇంత అని చుట్టూ ఒకే లెక్క వేస్తుంది. అక్కడ జుట్టుందో దవడ ఉందో దానికి అక్కర్లేదు. పైగా ఆ మెత్తదనం గీతకు రెండు వైపులా పాకుతుంది. బయటికి పాకినచోట పాత గోడ వెంట వచ్చేస్తుంది. లోపలికి పాకినచోట కొత్త తోట చర్మంలోంచి కనపడుతుంది. నేను మొదట్లో చెప్పిన పొగ వలయం పుట్టేది సరిగ్గా ఇక్కడే.

సెలెక్షన్‌ని రెండు పిక్సెల్స్ లోపలికి జరిపి అప్పుడు ఫెదర్ కొడితే పోతుంది కదా అంటారు. పాత గోడ పోతుంది, నిజమే. దానితో పాటు ముక్కుపుడక మెరుపు, చెంపసరాల చివర, కనురెప్పల వెంట్రుకలు కూడా పోతాయి. పక్కకి తిరిగిన మొహంలో రెండు పిక్సెల్స్ పోతే ముక్కు ఆకారమే మారుతుంది. ఆ అమ్మాయిని చిన్నప్పటినుంచి చూసినవాళ్ళు ఆ ఫొటో చూసి, ఎందుకో మా పిల్లలా లేదు అంటారు.

పీటల మీద కూర్చున్న పెళ్ళికూతురి ఫొటో ఒకటి తీసుకుందాం. 85 మిల్లీమీటర్ల లెన్స్‌తో, లెన్స్ బాగా తెరిచి ఎఫ్ 1.8లో, 24 మెగాపిక్సెల్స్ కెమెరాతో తీశారనుకోండి. ఫోకస్ దగ్గరి కంటి మీద ఉంది. దవడ గీత కూడా దాదాపు అదే దూరంలో ఉంది కాబట్టి అక్కడ అంచు వెడల్పు రెండు పిక్సెల్స్‌కి మించదు. దీనికి చుక్కలు పెట్టుకుంటూ గీత గీసే పెన్ టూల్ కంటే మంచిది నాకు ఇంతవరకూ కనపడలేదు. చెవి కొంచెం వెనక్కి ఉంది, అక్కడ నాలుగైదు పిక్సెల్స్. అవతలి భుజం ఇంకా వెనక్కి పోయింది, అక్కడ పదిహేను పిక్సెల్స్ దాకా మెత్తబడి ఉంటుంది. ఒడిలో పట్టుచీర కుచ్చిళ్ళు ముందుకొచ్చాయి కాబట్టి ఫోకస్‌కి ఇవతల పడి అవీ మెత్తగానే ఉంటాయి, కానీ జరీ మీద ఫ్లాష్ వెలుగు పడి చిన్న చిన్న వెలుగు చుక్కలు పరుచుకుంటాయి. ఒక్క మనిషి చుట్టూ ఇన్ని రకాల అంచులు. అన్ని గుడ్డలకీ ఒకే సూది, ఒకే దారం వాడే దర్జీ దగ్గరికి మనం పట్టుచీర బ్లౌజు పంపం కదా.

నేను చేసే పద్ధతి నెమ్మదిది. ముందు పెన్ టూల్‌తో గట్టి అంచంతా గీసి, మెత్తబరచకుండా మాస్క్ చేస్తాను. తర్వాత ఆ మాస్క్ మీదే పని. భుజం దగ్గరికి వెళ్ళి, ఒరిజినల్ ఫొటోలో భుజం ఎంత మసకగా ఉందో చూసి, మాస్క్‌లో ఆ భాగాన్ని మాత్రమే బ్లర్ టూల్‌తో అంత మసక చేస్తాను. చెవి దగ్గర అంతకంటే తక్కువ. గాజుల చెయ్యి కదిలి ఉంటే, అది ఏ దిక్కుకి కదిలిందో ఆ దిక్కుకే మాస్క్‌ని మోషన్ బ్లర్ చేస్తాను. కదిలిన చెయ్యికి పై అంచు గట్టిగా ఉండి, ముందూ వెనకా మాత్రమే సాగి ఉండొచ్చు. దాన్ని చుట్టూ సమానంగా మెత్తబరిస్తే చెయ్యి కదులుతున్నట్టు ఉండదు, చెయ్యికి జ్వరం వచ్చినట్టు ఉంటుంది.

జుట్టు వేరే పని. పెన్ టూల్‌తో జుట్టు కత్తిరించేవాళ్ళని చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. నల్లటి జుట్టు, లేత రంగు గోడ అయితే చానెల్స్‌లోకి, అంటే ఒక్కో రంగుని విడివిడిగా చూపించే చోటికి వెళ్ళి, ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడింటిలో జుట్టుకీ గోడకీ తేడా ఎందులో ఎక్కువుందో చూడాలి. చాలాసార్లు నీలంలో ఉంటుంది. ఆ చానెల్‌ని కాపీ చేసి, లెవెల్స్‌తో చీకటి వెలుగుల తేడా పెంచి, లేతబరిచే డాడ్జ్, ముదురుచేసే బర్న్ టూల్స్‌తో శుభ్రం చేసుకుంటే వెంట్రుక వెంట్రుకా మాస్క్‌లోకి వస్తుంది, ఎందుకంటే ఆ మాస్క్ ఫొటోలోంచే పుట్టింది. అయితే వాట్సాప్‌లో వచ్చిన ఫొటో మీద ఈ పని కుదరదు. జేపెగ్ కుదింపులో రంగుల వివరం చాలా పోతుంది, నీలం చానెల్ తెరిస్తే వెంట్రుకల బదులు చదరాలు చదరాలుగా గళ్ళు కనపడతాయి. ఒరిజినల్ ఫైల్ ఇవ్వండి అని డిజైనర్ అడిగితే విసుక్కోకండి. మీ అమ్మాయి జుట్టు కోసమే అడుగుతున్నారు.

పూలజడ గురించి కూడా చెప్పాలి. మల్లెమొగ్గలకి గట్టి అంచు ఉంటుంది, వాటి మధ్య సందుల్లోంచి వెనకున్నది కనపడుతుంది. ఆ సందుల్లో పాత మండపం ఎర్రగుడ్డ ముక్కలు ముక్కలుగా మిగిలిపోయిన పేజీలు నేను చాలా చూశాను. తోటలో నిలబడ్డ అమ్మాయి జడలో ఎర్రగుడ్డ! బయటి గీత మీద అంత శ్రమ పడి లోపలి రంధ్రాలు వదిలేస్తే కన్ను సూటిగా అక్కడికే పోతుంది. చెయ్యి నడుం మీద పెట్టుకున్నప్పుడు మోచేతి దగ్గర ఏర్పడే త్రికోణం, బుట్టకమ్మల వలయాలు, ఇవన్నీ అంచులే.

ఇక తలంబ్రాలు. ప్రతి ఇంట్లోనూ ఇదే ఇష్టమైన ఫొటో, ప్రతి డిజైనరూ దీన్నే కత్తిరించి పెద్ద బ్యాక్‌గ్రౌండ్ మీద పెట్టాలనుకుంటాడు. గాల్లో ఉన్న బియ్యపు గింజలు కొన్ని ఫ్లాష్ వెలుగుకి ఆగిపోయి స్పష్టంగా ఉంటాయి, కొన్ని గీతల్లా సాగుతాయి, కొన్నిటిలో గింజ స్పష్టంగా ఉండి వెనక తోకలా గీత ఉంటుంది. ఆ గీతలోంచి వెనకున్నది సగం కనపడుతూనే ఉంటుంది. వాటిని ఒక్కొక్కటీ మాస్క్ చేయడం ఎవరి వల్లా కాదు. వెనక చీకటిగా ఉంటే గింజల్ని విడి లేయర్‌లో పెట్టి, లెవెల్స్‌తో చీకటిని ఇంకా కిందికి నొక్కి, నలుపుని మాయం చేసి వెలుగుని మాత్రమే ఉంచే స్క్రీన్ మోడ్‌లో కలపొచ్చు, బాగానే వస్తుంది. హోమం పొగకి కూడా అదే దారి. వెనక తెల్లటి పూల డెకరేషన్ ఉంటే మాత్రం ఆ ఫొటోని కత్తిరించకూడదు. పేజీ నిండా ఉన్నది ఉన్నట్టు వేసేయాలి. ఏ ఫొటోని ముట్టుకోకూడదో తెలియడం కూడా ఈ పనిలో భాగమేనని నేను గట్టిగా నమ్ముతాను.

ఇంతవరకూ వాటా గురించే. వాటా సరిగ్గా కుదిరినా అంచు చెడిపోయే కారణాలు ఇంకో రెండున్నాయి.

ఒకటి రంగు. అంచు పిక్సెల్‌లో పాత గోడ రంగు కలిసి ఉందని చెప్పాను కదా. వాటా 60 శాతం అని కరెక్ట్‌గా పట్టినా, ఆ పిక్సెల్ రంగు మాత్రం పాత మిశ్రమమే. పసుపు షామియానా కింద తీసిన మనిషిని నీలి ఆకాశం మీద పెడితే జుట్టు చివర్లన్నీ పసుపుపచ్చగా మెరుస్తాయి. దీనికి మాస్క్‌తో మందు లేదు. ఫొటోషాప్‌లో డీకంటామినేట్ కలర్స్ అనే సదుపాయం ఉంది, అది లోపలి రంగుని అంచుదాకా తెచ్చి పూస్తుంది. కొన్నిసార్లు బాగుంటుంది, కొన్నిసార్లు జుట్టుని బొగ్గు చేస్తుంది. నేనైతే పైన, కింది బొమ్మ ఉన్నంత మేరే కనపడేలా ఇంకో లేయర్ క్లిప్ చేసి, దాన్ని రంగుని మాత్రమే మార్చే కలర్ మోడ్‌లో పెట్టి, పక్కనే ఉన్న అసలు జుట్టు రంగు తీసుకుని పల్చటి బ్రష్‌తో పూస్తాను. ఫోన్ ఫొటోల్లో ఇంకో చిక్కు ఉంది. ఫోను తనంతట తనే షార్ప్ చేసి అంచు వెంట సన్నటి తెల్ల గీత వేసి ఇస్తుంది. దాన్ని బర్న్ టూల్‌తో చల్లగా తగ్గించాలి.

రెండోది మన దగ్గర ఎవరూ పెద్దగా మాట్లాడనిది. ఎర్రచీర ఆకుపచ్చ ఆకుల మీద కలిసే చోట సన్నటి నల్ల గీత వస్తుంది. ఎంత మెత్తబరిచినా పోదు, ఇంకా వెడల్పవుతుంది. తప్పు మాస్క్‌ది కాదు, కలిపే లెక్కది. మనం మామూలుగా వాడే ఎస్ఆర్‌జీబీ అనే రంగుల పద్ధతి ఫైళ్ళలో అంకెలు వెలుతురుతో సమానంగా పెరగవు. 255లో సగం 128 కదా, ఆ 128 చూపించే వెలుతురు పూర్తి వెలుతురులో సగం ఉండదు, 22 శాతం దగ్గర ఉంటుంది. నిజంగా సగం వెలుతురు కావాలంటే అంకె 188 ఉండాలి. సాఫ్ట్‌వేర్ అంకెల్ని కలిపి సగం చేస్తుంది, కెమెరాలో మాత్రం వెలుతురు కలుస్తుంది. అందుకే మిశ్రమం నల్లబడుతుంది. ఉచితంగా దొరికే గింప్ అనే సాఫ్ట్‌వేర్‌లో 2018లో వచ్చిన 2.10 వెర్షన్ నుంచీ మామూలు లేయర్ మోడ్ వెలుతురు లెక్కతోనే కలుపుతుంది. ఫొటోషాప్‌లో కలర్ సెట్టింగ్స్‌లోకి వెళ్ళి, ఆర్‌జీబీ రంగుల్ని 1.0 గామాతో, అంటే వెలుతురు లెక్కతో, కలపమని చెప్పే గడి టిక్ పెట్టుకోవాలి. ఇది పెడితే పాత ఫైళ్ళలో నీడలు, సన్నటి అక్షరాలు కొంచెం మారి కనపడతాయి కాబట్టి కొత్త ఫైల్‌తో మొదలుపెట్టడం మంచిది. ఫొటోల పని మాత్రమే చేసేవాళ్ళు దీన్ని ఒకసారి పెట్టి చూడండి, నల్ల గీత ఎంతవరకు తగ్గుతుందో.

మనిషిని కాకుండా రెండు దృశ్యాల్ని కలిపేటప్పుడు, అంటే ఆకాశం మార్చడమో, నాలుగు ఫొటోలు కలిపి కోట మొత్తం చూపించడమో అయితే, నా వాదనకి ఇంకా గట్టి బలం దొరుకుతుంది. 1983లో పీటర్ బర్ట్‌, ఎడ్వర్డ్ ఆడెల్సన్ అన్న ఇద్దరు పరిశోధకులు చూపించిన పద్ధతి ఇది: బొమ్మని స్థూలమైన మార్పులు ఒక పొరలో, సన్నటి వివరాలు ఇంకో పొరలో వచ్చేలా విడగొట్టి, స్థూలమైన వాటిని చాలా వెడల్పుగా, సన్నటి వాటిని చాలా ఇరుకుగా కలపాలి. ఆకాశం వెలుగు వందల పిక్సెల్స్ మేర నెమ్మదిగా మారుతుంది, ఆకుల వివరం మాత్రం రెండు మూడు పిక్సెల్స్‌లో మారిపోతుంది. అందుకే ఆకులు రెండేసి నీడల్లా కనపడవు, వెలుగులో మెట్టూ ఉండదు. ఉచితంగా దొరికే హ్యూగిన్ సాఫ్ట్‌వేర్‌తో పనోరమా (వెడల్పాటి దృశ్యం) కలిపితే లోపల ఎన్‌బ్లెండ్ అనే పనిముట్టు చేసేది ఈ పనే. ఒకే అంచులో కూడా ఒక్కో వివరానికి ఒక్కో వెడల్పు కావాలని నలభై ఏళ్ళ కిందటే తేల్చేశారు. మనం ఇంకా ఒకే ఫెదర్ అంకె పట్టుకుని కూర్చున్నాం.

బొమ్మలో రంగు పిక్సెల్ నుంచి పిక్సెల్‌కి ఎంత మారుతోందో ఆ మార్పుని మాత్రమే తీసుకుని కొత్త చోటుకి సర్దే పద్ధతి 2003లో పెరెజ్‌, గాంగ్నే, బ్లేక్ రాసిన పరిశోధనా వ్యాసంతో పేరు తెచ్చుకుంది. చర్మం మీద మచ్చ తీయడానికీ, గోడ మీద వైరు తీయడానికీ అలాంటి పనిముట్లు చక్కగా ఉంటాయి. మనిషి తలని మొత్తంగా అలా అతికిస్తే మాత్రం చుట్టూ ఉన్న రంగు మొహంలోకి ఇంకిపోతుంది. పచ్చటి పొలం మీద పెట్టిన తాతగారు పచ్చగా మారిపోతారు.

కంప్యూటర్లు లేని రోజుల్లో ఈ పని చేసినవాళ్ళు మనకంటే జాగ్రత్తగా ఆలోచించారు. 1850ల్లో ఫ్రాన్స్‌లో గుస్తావ్ ల గ్రే సముద్రం ఫొటోలు తీసేవాడు. అప్పటి గాజు నెగెటివ్‌లు నీలి వెలుతురుకి ఎక్కువ స్పందించేవి కాబట్టి నీళ్ళు సరిగ్గా వస్తే ఆకాశం తెల్లగా పేలిపోయేది. అందుకని ఆయన ఆకాశం ఒక నెగెటివ్, సముద్రం ఒక నెగెటివ్ తీసి, ప్రింట్ చేసేటప్పుడు కలిపేవాడు. కలిపింది ఎక్కడ? సముద్రం, ఆకాశం కలిసే గీత దగ్గర. అక్కడ ఎలాగూ గీత ఉంది, కాబట్టి ఎవరికీ అతుకు కనపడదు. 1857లో ఇంగ్లండ్‌లో ఆస్కార్ రేలాండర్ 30కి పైగా నెగెటివ్‌లు కలిపి ఒకే పెద్ద ఫొటో చేశాడు, ఆ మరుసటి ఏడు హెన్రీ పీచ్ రాబిన్సన్ ఐదు నెగెటివ్‌లతో ఒకటి చేశాడు. మన పాత తెలుగు సినిమాల్లో ఒకే హీరో రెండు వేషాల్లో పక్కపక్కన నిలబడినప్పుడు చూడండి. లెన్స్‌లో సగానికి నల్లటి మాస్క్ అడ్డుపెట్టి ఒక వైపు తీసి, ఫిల్మ్ వెనక్కి తిప్పి, మాస్క్ మార్చి రెండో వైపు తీసేవారు. మధ్య గీత ఏ స్తంభం మీదో, తలుపు చట్రం మీదో, పరదా మడత మీదో పడేలా సెట్ వేసుకునేవారు. అతుకుని ఎంత బాగా దాచాలి అన్న ప్రశ్న కంటే ముందు, అతుకు ఎక్కడ వెయ్యాలి అన్న ప్రశ్న వేసుకున్నారు. ఈ ప్రశ్న వేసుకుంటే మన పని కూడా సగం తగ్గుతుంది.

ఈ మాట ఎక్కువగా పనికొచ్చేది చనిపోయినవాళ్ళని ఫొటోలో చేర్చే పనిలో. మన స్టూడియోలకి ఇది తరచుగా వచ్చే పనే. పెళ్ళికి ముందే నాన్న పోయారు, ఆయన పక్కన నిలబడ్డట్టు చేసివ్వండి అని అడుగుతారు. తెచ్చేది ఏదో గ్రూప్ ఫొటోలో చిన్న తల, లేదంటే పాస్‌పోర్ట్ సైజు స్టూడియో ఫొటో. కాగితం గరుకుదనం, ఫిల్మ్ గ్రెయిన్ (ఇసుక చల్లినట్టుండే చుక్కలు), ఎదురుగా కొట్టిన ఫ్లాష్. పక్కన నిలబడాల్సినవాళ్ళు కొత్త కెమెరాలో కనుబొమ్మ వెంట్రుకలు లెక్కపెట్టేంత స్పష్టంగా ఉంటారు. ఇప్పుడు చాలామంది చేస్తున్నది ఆ పాత మొహాన్ని ఏఐతో షార్ప్ చేయించడం. వచ్చేది నున్నటి మైనం మొహం. కళ్ళు ఆయనవి కావు. ఇంట్లోవాళ్ళు దాన్ని చూసి ఏడుస్తారు, తర్వాత కొన్నాళ్ళకి ఎందుకో ఆ ఫొటో వైపు చూడరు.

నేను ఆయన మొహాన్ని మార్చను. మొహంలో అసలు ఎంత మెత్తదనం ఉందో చూసి, అంచు కూడా సరిగ్గా అంతే మెత్తగా ఉంచుతాను. మొహం మసకగా ఉండి భుజం గీత కత్తితో కోసినట్టు ఉంటే మనిషి అట్టబొమ్మలా ఉంటాడు. తర్వాత ఆయన్ని ముందు వరసలో పెట్టకుండా, కొడుకు భుజం వెనక, కూతురి తల పక్కన నిలబెడతాను. అప్పుడు ఆయన చుట్టుగీతలో సగానికి పైగా బతికున్నవాళ్ళ భుజాలూ, వాళ్ళ జుట్టూ అవుతాయి. అవి నిజమైన అంచులే, వాటిని కలపాల్సింది లేదు. కింద కాళ్ళు, నేల మీద నీడ వెతుక్కునే బాధ కూడా తప్పుతుంది. ఆఖరున మొత్తం ఫొటో మీద సన్నటి గ్రెయిన్ ఒక పొర వేస్తే పాతదీ కొత్తదీ ఒకే కాగితం మీదివి అనిపిస్తాయి.

వెలుతురు అసలు కుదరదు అనుకుంటే, మొహానికి ఎడమ వైపు నుంచి పడుతుంటే మండపంలో కుడి వైపు నుంచి పడుతుంటే, నేను ఇంకో మాట చెబుతాను. ఆయన ఫొటోని చక్కటి చట్రంలో, దండతో, వెనక గోడ మీద పెడదాం అంటాను. చట్రానికి గట్టి అంచు, చిన్న నీడ, అంతే. మొదట ఒప్పుకోరు. రెండు రకాలూ చేసి పక్కపక్కన పెట్టి చూపిస్తే చాలామంది చట్రం ఉన్నదే తీసుకెళ్తారు. ఆయన అక్కడ లేరన్నది ఇంట్లో అందరికీ తెలిసిన నిజం. ఆ నిజానికి సరిపడే అంచు గట్టిదే అయితే, గట్టిగానే ఉంచాలి. ఫ్లెక్సీల్లో మనిషి చుట్టూ తెల్లటి స్ట్రోక్, అంటే మందపాటి గీత, వేస్తారే, దాన్ని వెక్కిరించేవాళ్ళతో నేను ఏకీభవించను. నేను కత్తిరించి పెట్టిన బొమ్మని అని అది బాహాటంగా చెబుతుంది. సగం కరిగిన చెవులకంటే అది వెయ్యి రెట్లు మర్యాద.

ఇంత శ్రమ ఎవరు గమనిస్తారు అని అడుగుతారు. పేరు పెట్టి చెప్పలేకపోవచ్చు కానీ అందరూ గమనిస్తారు. అతికించినట్టుంది అన్న మాట ఫొటోషాప్ పేరు కూడా వినని నానమ్మలు అంటారు. రోజూ కళ్ళతో లక్షల అంచులు చూస్తూ బతికే మనిషికి తప్పు అంచు తెలియకపోవడం ఉండదు. టైమ్ లేదు అన్న మాట మాత్రం నిజం. పేజీకింత అని కూలి లెక్కన, సీజన్‌లో రాత్రంతా కూర్చుని ఆల్బమ్‌లు చేసేవాళ్ళని నెమ్మదిగా చెయ్యమనడం అన్యాయం. దానికి నా జవాబు, కత్తిరించే పేజీలు తగ్గించండి. ఆల్బమ్‌లో ఇరవై కటౌట్లు వద్దు, మూడు చాలు. మిగతావి ఫొటోగ్రాఫర్ తీసిన చోటే, తీసిన వెలుతురులోనే ఉండనివ్వండి. కుటుంబాలు కూడా ఎన్ని డిజైన్లు వేశారు అని లెక్కపెట్టడం మానాలి.

ఒక్క నొక్కుతో బ్యాక్‌గ్రౌండ్ తీసేసే పనిముట్లు ఇప్పుడు ఫోన్లలో కూడా ఉన్నాయి. నేనూ వాడతాను. ఫొటోషాప్‌లో 2018లో సెలెక్ట్ సబ్జెక్ట్ వచ్చాక మొదటి గీత గీసే శ్రమ బాగా తగ్గింది. ఇవి లక్షల ఫొటోలు చూసి నేర్చుకున్నవి కాబట్టి జుట్టు వాటాని నాకంటే బాగా ఊహించే సందర్భాలు ఉన్నాయి. కానీ ఆ మనిషిని తర్వాత ఎక్కడ పెట్టబోతున్నామో వాటికి తెలియదు. కొత్త చోట వెలుతురు ఎటునుంచి, ఎంత మసక, ఏ రంగు, ఇవన్నీ మిగిలే ఉంటాయి. కళ్ళజోడు కమ్మీ, గాజుల మధ్య సందు, దండలో వేలాడే చివరి పోగు లాంటివి వదిలేయడం వాటికి అలవాటు. మొదటి మాస్క్‌గా తీసుకోండి, ఆఖరి మాస్క్‌గా తీసుకోకండి.

చూసుకునే పద్ధతి సులువే. కత్తిరించిన మనిషి కింద మూడు ఖాళీ లేయర్లు పెట్టుకోండి, ఒకటి నలుపు, ఒకటి తెలుపు, ఒకటి మధ్య బూడిద. ఒక్కొక్కటే వెలిగించి చూస్తే నలుపు మీద తెల్ల వలయం, తెలుపు మీద నల్ల గీత దాక్కోలేవు. తర్వాత వంద శాతం సైజులో చుట్టూ ఒక రౌండ్ వేయండి. 12×36 అంగుళాల కరిజ్మా షీట్ (పెద్ద ఆల్బమ్ పేజీ) 300 డీపీఐలో, అంటే అంగుళానికి 300 చుక్కల లెక్కన, 3600×10800 పిక్సెల్స్. స్క్రీన్‌కి సరిపోయేలా కుదించి చూస్తే అందులో ఏ తప్పూ కనపడదు, ప్రింట్ వచ్చాక ఒడిలో పెట్టుకుని చూస్తే ప్రతిదీ కనపడుతుంది. రోడ్డు మీద ఇరవై అడుగుల ఫ్లెక్సీకి ఇంత పట్టింపు అక్కర్లేదు, దాన్ని ఎవరూ ఒడిలో పెట్టుకోరు.

ఎరేజర్ మాత్రం ముట్టుకోకండి. చెరిపేసిన జుట్టు తిరిగి రాదు, మాస్క్‌లో దాచిన జుట్టు వస్తుంది. పని అయ్యాక లేయర్లన్నీ కలిపేసి జేపెగ్ ఒక్కటే ఉంచుకోవద్దు, లేయర్లు, మాస్క్‌లు ఉన్న ఫొటోషాప్ ఫైల్ (పీఎస్‌డీ) కూడా దాచండి. ఆల్బమ్ చేయించుకునేవాళ్ళు కూడా కటౌట్ చేసిన ప్రతి ఫొటోకీ, కత్తిరించక ముందున్న ఒరిజినల్‌ని పెన్‌డ్రైవ్‌లో వేసి ఇవ్వమని స్టూడియోని అడగండి. ఇవ్వడానికి వాళ్ళకి పెద్దగా ఖర్చవదు, ఆల్బమ్ డెలివరీ తీసుకునే రోజే అడిగితే సులువుగా దొరుకుతుంది.